ఫౌండేషన్ ఇయర్‌తో ఫోరెన్సిక్ సైన్స్: మీ అమ్మాయికి ఆ ఏడాది అవసరమా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి ఇంటర్ బైపీసీ, తెలంగాణ బోర్డు, 74 శాతం. నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. ఇప్పుడు ఫోరెన్సిక్ సైన్స్ చదువుతానని పట్టుబట్టింది. కన్సల్టెన్సీ వాళ్లు ఇంగ్లండ్‌లో ఫౌండేషన్ ఇయర్‌తో కలిపి నాలుగేళ్ల బీఎస్సీ చూపించారు. మన ఇంటర్‌కి ఫౌండేషన్ తప్పనిసరి అంటున్నారు. నిజమేనా? ఆ ఏడాదిలో అసలేం చెబుతారు? చదివాక అక్కడ ఉద్యోగం వస్తుందా?"

నమస్తే అండీ. ముందు నా సంగతి రెండు ముక్కల్లో. విశాఖలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, ఇక్కడికొచ్చి ఫోరెన్సిక్ సైన్స్‌లో ఇంకో ఎమ్మెస్సీ చేశాను. పద్నాలుగేళ్లుగా ఇంగ్లండ్‌లో టాక్సికాలజీ ల్యాబుల్లో పని. అంటే, రక్తంలో మందు ఎంతుంది, మత్తుపదార్థం ఎంతుంది అని కొలిచి రిపోర్టు రాసే పని. మధ్యలో మూడేళ్లు ఒక యూనివర్సిటీలో ఫౌండేషన్ ఇయర్ పిల్లలకి ప్రాక్టికల్స్ చేయించాను. కాబట్టి మీరు అడిగిన వాటిలో ఎక్కువ భాగం దగ్గర్నుంచి చూసినవే.

ఫౌండేషన్ ఇయర్ అంటే డిగ్రీ మొదలుపెట్టే ముందు చదివించే సన్నాహక ఏడాది. అది తప్పనిసరి అన్న మాట నిజం కాదు. ఫోరెన్సిక్ సైన్స్ నడిపే యూనివర్సిటీల్లో చాలావరకు మన ఇంటర్ బైపీసీని, ఎంపీసీని నేరుగా మొదటి సంవత్సరానికే తీసుకుంటాయి. ఎంత శాతం కావాలన్నది యూనివర్సిటీని బట్టి, బోర్డును బట్టి మారుతుంది. స్టేట్ బోర్డు పిల్లల్ని సీబీఎస్‌ఈ వాళ్లకంటే కాస్త ఎక్కువ అడగడం మామూలే. మీ అమ్మాయి 74 శాతం అన్నిచోట్లా చాలకపోవచ్చు, కొన్నిచోట్ల హాయిగా సరిపోతుంది. కన్సల్టెన్సీని మధ్యలో పెట్టకుండా మార్కుల మెమో స్కాన్ చేసి అడ్మిషన్స్ ఆఫీసుకి మీరే మెయిల్ పెట్టండి. "ఇయర్ వన్‌లోకి తీసుకుంటారా, లేకపోతే ఎందుకు తీసుకోరు" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. జవాబు రాతపూర్వకంగా వస్తుంది. కన్సల్టెన్సీకి కమీషన్ ఇచ్చేది యూనివర్సిటీ. వాళ్లు చెప్పేదంతా ఆ సంగతి గుర్తుపెట్టుకుని వినండి.

ఫౌండేషన్ ఇయర్ ఇక్కడి పిల్లల అవసరం కోసం పుట్టింది. ఇంగ్లండ్‌లో పదహారేళ్లకే పిల్లలు చదువుని మూడు సబ్జెక్టులకి కుదించుకుంటారు. ఆ మూడూ హిస్టరీ, సోషియాలజీ, డ్రామా అయిన పిల్లకి పద్దెనిమిదేళ్లప్పుడు ఫోరెన్సిక్ మీద మనసు పోతే చేతిలో కెమిస్ట్రీ ఉండదు. నా బ్యాచుల్లో ఎక్కువమంది అలాంటివాళ్లే. వృద్ధాశ్రమంలో పదేళ్లు పనిచేసి, పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక మళ్లీ చదువుకి వచ్చిన ఒకావిడ ఉండేది. క్లాసులో అందరికంటే బాగా చదివేది. అలాంటివాళ్లకి ఈ ఏడాది నిజంగా వరం. చదువుల నిచ్చెనలో ఇది లెవెల్ 3, అంటే మన ఇంటర్ లాంటి వాళ్ల ఏ-లెవెల్స్‌తో సమానం. డిగ్రీ మొదటి ఏడాది లెవెల్ 4, చివరి ఏడాది లెవెల్ 6. బైపీసీ మంచి మార్కులతో పాసైన పిల్లకి లెవెల్ 3 మళ్లీ చదివించడమంటే ఇంటర్‌ని డబ్బులు పోసి రెండోసారి కొనడమే. మన పిల్లల్లో సీఈసీ, ఎంఈసీ, హెచ్‌ఈసీ చదివి సైన్స్‌కి మారాలనుకునేవాళ్లకి, సైన్స్ చదివినా మార్కులు మరీ తక్కువ వచ్చినవాళ్లకి ఇది పనికొస్తుంది. ఇంకెవరికైనా అంటే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

ఇక ఆ ఏడాదిలో ఏముంటుందంటారా? శవాలు ఉండవు, నెత్తురు ఉండదు, తెల్లటి సూట్లలో పసుపు టేపు కింద దూరడం ఉండదు. మోల్ కాన్సెప్ట్, టైట్రేషన్, కణం, ఎంజైములు, లాగరిథమ్స్, గ్రాఫులు, వ్యాసం రాయడం, ప్రస్తావించిన ప్రతి మాటకీ మూలం చూపడం. కొన్నిచోట్ల పిల్లలు నిరుత్సాహపడకుండా ఒక ఫోరెన్సిక్ మాడ్యూల్ కలుపుతారు. చాలా యూనివర్సిటీల్లో 'క్రైమ్ సీన్ హౌస్' అని ఒక ఇల్లు ఉంటుంది. ఫొటోల్లో అందంగా ఉండేది అదే, బ్రోచర్ అట్ట మీద వేసేదీ అదే. ఫౌండేషన్ వాళ్లకి అందులోకి ఏడాదికి ఒకటి రెండుసార్లు అడుగుపెట్టే భాగ్యం కలుగుతుంది.

ఆ ఏడాదికి విలువ లేదని మాత్రం అనుకోకండి. విలువ ఎక్కడుందో చెబుతాను. మొదటి ల్యాబులో నేను మైలుతుత్తం ఇచ్చేదాన్ని. అదే, కాపర్ సల్ఫేట్. నీలి ద్రావణాన్ని ఐదు పలచనల్లో చేసుకోవాలి. ఒక్కోదాన్నీ రంగు ఎంత చిక్కగా ఉందో కొలిచే కలరీమీటర్‌లో పెట్టి రీడింగు తీసుకుని, గ్రాఫు గీసి, చివరికి నేనిచ్చిన తెలియని ద్రావణంలో ఎంతుందో చెప్పాలి. ఐదు చుక్కల్లో నాలుగు గీత మీద కూర్చుంటాయి, ఒకటి పక్కకి జరుగుతుంది. ఎప్పుడూ అంతే. పిపెట్ చివర ఒక బుడగ చిక్కుకుని ఉంటుంది, లేదా మట్టం చూసేటప్పుడు కన్ను కాస్త పైనుంచి చూసి ఉంటుంది.

ఒక ఏడాది మన వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. పేరు అనవసరం. ఆమె పుస్తకంలో ఐదు చుక్కలూ సూదికి దారం ఎక్కించినట్టు గీత మీదే ఉన్నాయి. దగ్గరకెళ్లి చూస్తే మూడో రీడింగు మీద వైట్‌నర్. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నేనూ అలాగే పాసయ్యాను. మన ఇంటర్ ప్రాక్టికల్స్ ఎలా జరుగుతాయో మీకు తెలియందేం కాదు. సీనియర్ దగ్గర రికార్డు తెచ్చుకుని రాత్రికి రాత్రి దించేస్తాం. గ్రాఫు ముందు గీసి రీడింగులు తర్వాత రాస్తాం. అందంగా ఉన్న రికార్డుకి మార్కులెక్కువ. ఆ అమ్మాయికి సున్నా వేసి, కారణం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ఇక్కడ ల్యాబ్ నోట్‌బుక్ పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే చెరపకూడదు, దిద్దకూడదు, కాగితం చింపకూడదు. తప్పు కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె, ఇనిషియల్స్, తేదీ వేయాలి.

ఎందుకంత పట్టుదల అంటే, రేపు ఇదే నోట్‌బుక్ కోర్టు చూస్తుంది. ఇంగ్లండ్‌లో 1996 నాటి చట్టం ప్రకారం, ప్రాసిక్యూషన్ చేతిలో ఉన్నదాంట్లో తమ వాదనని బలహీనపరిచేది గానీ, ముద్దాయికి పనికొచ్చేది గానీ ఉంటే ముద్దాయి తరఫుకి ఇచ్చి తీరాలి. మన నోట్సు కూడా అందులోకే వస్తాయి. నేను మొదటిసారి సాక్ష్యం చెప్పిన రోజు డిఫెన్స్ లాయరు నా కెమిస్ట్రీ గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. శాంపిల్ సంచి మీద నేను రాసిన టైము 14:10, నోట్సులో 14:40. ఆ అరగంట శాంపిల్ ఎక్కడుందో చెప్పమన్నాడు. అది బల్ల మీదే ఉంది, నా కళ్లముందే. కానీ ఎక్కడా రాయలేదు. రాయకపోతే జరగనట్టే. పది నిమిషాలు నిలబెట్టి కడిగాడు. ఆ రోజు రాత్రి భోజనం సహించలేదు.

పరీక్షల విషయం కూడా ఒకటి చూడండి, ఎలా ఆలోచించమంటారో తెలుస్తుంది. డిగ్రీలో పిల్లలందరూ చేసే కాసిల్-మేయర్ అనే పరీక్ష ఒకటుంది. మరక నెత్తురు కావచ్చా అని చూసేది. మరక మీద వడపోత కాగితం రుద్ది, దాని మీద ముందు ఒక చుక్క ఆల్కహాల్, తర్వాత రంగు లేకుండా చేసిన ఫినాఫ్తలీన్, ఆఖరున హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తారు. క్షణాల్లో గులాబీ రంగు తిరుగుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. అప్పుడు అడగాలి: పెరాక్సైడ్ వేయకముందే రంగు వస్తే? అది నెత్తురు కాదు, బ్లీచ్ లాంటిది. ఒక నిమిషం ఆగాక వస్తే? గాలి తగిలితే ఆ రసాయనం దానంతటదే రంగు మారుతుంది, లెక్కలోకి రాదు. వెంటనే వచ్చినా ముల్లంగి జాతి దుంపల రసం కూడా అదే పని చేయగలదు. కోడి నెత్తురైనా అదే రంగు. కాబట్టి రిపోర్టులో "ఇది మనిషి రక్తం" అని రాయం, "రక్తం ఉండే అవకాశాన్ని సూచిస్తోంది" అని రాస్తాం. మీ అమ్మాయికి ఈ వాక్యం నచ్చితే ఆమె ఈ రంగానికి పనికొస్తుంది. చప్పగా అనిపిస్తే ఇంకో చదువు చూసుకోవడం మంచిది. ఎగతాళికి అనడం లేదండీ.

ఇప్పుడు లెక్కలు. బైపీసీ పిల్లలు పదో తరగతితో లెక్కలకి నమస్కారం పెట్టేస్తారు. మీ అమ్మాయి విషయంలో నాకున్న దిగులు అదొక్కటే. నా రోజువారీ పనిలో లెక్క ఎలా ఉంటుందో చెబుతాను. ఇంగ్లండ్‌లో బండి నడిపేవాడి రక్తంలో ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లకి 80 మిల్లీగ్రాములు దాటకూడదు. స్కాట్లండ్‌లో 50. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద 30. మా కొలత 84 వచ్చిందనుకోండి. ఏ కొలతలోనైనా కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం 100 లోపు ఉన్న కొలతలో 6 తీసేసి "78కి తక్కువ కాదు" అని రాస్తాం. ఆ మనిషి ఇంటికెళ్తాడు. మత్తుమందులకి 2015 మార్చి నుంచి విడి హద్దులు పెట్టారు. గంజాయిలో ఉండే టీహెచ్‌సీకి లీటరు రక్తంలో 2 మైక్రోగ్రాములు. గ్రాములో పదిలక్షల వంతు మైక్రోగ్రాము. దశాంశ బిందువు ఒక్క గడి జరిగితే ఒకడి లైసెన్సు పోతుంది, ఉద్యోగం పోతుంది.

కొలతతోనే అయిపోదు. ఆ అంకెకి అర్థం చెప్పడంలో జరిగే తప్పు ఇంకా ప్రమాదం. ఇక్కడ ప్రతి ఫోరెన్సిక్ విద్యార్థికీ చెప్పే కేసు ఒకటుంది. శాలీ క్లార్క్ అని ఒక లాయరు. ఆమె పసిబిడ్డలు ఇద్దరు వేర్వేరు సమయాల్లో చనిపోయారు. తల్లే చంపిందని కేసు పెట్టారు. పెద్ద పేరున్న పిల్లల డాక్టరు ఒకాయన బోనెక్కి, అలాంటి కుటుంబంలో ఒక బిడ్డ కారణం తెలియకుండా ఉయ్యాల్లోనే చనిపోయే అవకాశం 8,543లో ఒకటి, ఇద్దరికీ అలా జరగాలంటే ఆ అంకెని అంకెతోనే గుణించాలి, అంటే 7 కోట్ల 30 లక్షల్లో ఒకటి అన్నాడు. 1999లో ఆమెకి యావజ్జీవం పడింది.

తప్పెక్కడుందో చూడండి. రెండు సంఘటనలకి ఒకదానితో ఒకటికి సంబంధం లేనప్పుడే అలా గుణించాలి. ఒక ఇంట్లో అన్నకి షుగర్ ఉంటే తమ్ముడికి వచ్చే అవకాశం పక్కింటివాడికంటే ఎక్కువని మన ఇళ్లలో ముసలమ్మలకి కూడా తెలుసు. అక్కడ ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు, ఒకే ఇల్లు, ఒకే రక్తం. రెండో తప్పు దానికంటే లోతైనది. ఆ సంఘటన అరుదన్నంత మాత్రాన ఆమె నిర్దోషి అయ్యే అవకాశం కూడా అంత తక్కువని కాదు. తల్లి ఇద్దరు బిడ్డల్ని వరసగా చంపడమూ అరుదే కదా! ఏది ఎంత అరుదో పక్కపక్కన పెట్టి చూడాలి. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ అంకె తప్పని బహిరంగంగా ప్రకటించింది. ఒక బిడ్డకి చేసిన సూక్ష్మజీవుల పరీక్షల ఫలితాలు డిఫెన్స్‌కి ఇవ్వలేదని బయటపడ్డాక, 2003లో శిక్ష కొట్టేశారు. అప్పటికే మూడేళ్లు జైల్లో గడిచిపోయాయి.

ఈ కేసు చెప్పిన రోజు క్లాసు నిశ్శబ్దంగా ఉండేది. ఫౌండేషన్‌లో సంభావ్యత పాఠం ఎందుకు పెట్టారో ఆ రోజు అర్థమయ్యేది. మీ అమ్మాయి నేరుగా మొదటి ఏడాదిలో చేరినా ఈ లెక్కలు మాత్రం తప్పవు. కానీ పదో తరగతి నుంచి ఇంటర్ స్థాయి దాకా ఘాతాలు, లాగరిథమ్స్, సగటు, ప్రామాణిక విచలనం, సంభావ్యత ఖమ్మంలో కూర్చుని ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు. ఒక ఎంపీసీ లెక్చరర్ దగ్గర ట్యూషన్ పెట్టించండి. దాని ఖర్చునీ, కింద చెప్పే ఖర్చునీ పక్కపక్కన పెట్టి చూడండి.

విదేశీ విద్యార్థికి ఫౌండేషన్ ఏడాది ఫీజు చాలాచోట్ల 15 వేల పౌండ్లకి అటూ ఇటూ ఉంటుంది. పౌండుకి 115 రూపాయలు వేసుకున్నా 17 లక్షల 25 వేలు. ఆ పైన ఇల్లు, తిండి. వీసాతో పాటు అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌చార్జ్ విద్యార్థులకి ఏడాదికి 776 పౌండ్లు, కోర్సు మొత్తానికి ముందే కట్టాలి. నాలుగేళ్లకి మూడు వేల పౌండ్లు పైమాటే. తొలి ఏడాది ఫీజులో కట్టాల్సిన మిగతా మొత్తం, తొమ్మిది నెలల జీవన ఖర్చు బ్యాంకులో 28 రోజులు కదలకుండా ఉండాలి. ఇవన్నీ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే ఉంటారు.

వాళ్లు చెప్పకుండా దాటేసేవి పేర్ల దగ్గర ఉంటాయి. 'ఫౌండేషన్' అనే మాటతో ఇక్కడ మూడు వేర్వేరు సరుకులు అమ్ముతారు. డిగ్రీలోనే కలిసి ఉండే ఫౌండేషన్ ఇయర్ ఒకటి. కోర్సు పేరులోనే "విత్ ఫౌండేషన్ ఇయర్" అని ఉంటుంది, ఇక్కడి యూనివర్సిటీలన్నిటికీ ఉమ్మడిగా దరఖాస్తులు తీసుకునే యూకాస్‌లో దానికి విడి కోడ్ ఉంటుంది. ఫౌండేషన్ పాసైతే అదే చోట మొదటి ఏడాదికి వెళ్తారు. రెండోది 'ఇంటర్నేషనల్ ఫౌండేషన్'. ఇది చాలాసార్లు యూనివర్సిటీ ఆవరణలోనే ఉన్నా నడిపేది వేరే ప్రైవేటు సంస్థ. అక్కడ వాళ్లు పెట్టిన మార్కులు తెచ్చుకుంటేనే డిగ్రీలోకి పంపుతారు. మూడోది 'ఫౌండేషన్ డిగ్రీ'. అది పూర్తిగా వేరే చదువు, లెవెల్ 5తో ఆగిపోయే రెండేళ్ల కోర్సు. ఈ మూడూ ఒకటే అని చెప్పిన కన్సల్టెంట్‌ని నేను స్వయంగా చూశాను.

తేడా వీసా దగ్గర తగులుతుంది. మొదటి రకంలో యూనివర్సిటీ ఇచ్చే క్యాస్, అంటే వీసాకి కావాల్సిన ప్రవేశ ధ్రువీకరణ, నాలుగేళ్లకీ డిగ్రీ స్థాయిలో ఉంటే టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. డిగ్రీకంటే కింది స్థాయి కోర్సుకి క్యాస్ ఇస్తే 10 గంటలే. ఇంగ్లిష్ పరీక్ష కూడా ఆ కింది స్థాయికైతే వీసా వాళ్లు గుర్తించిన కేంద్రంలోనే రాయాలి. మామూలు ఐఈఎల్‌టీఎస్ సరిపోదు, 'ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ' రాయాలి. కాబట్టి ఆఫర్ వచ్చాక మీ అమ్మాయి అడగాల్సిన మొదటి మాట: క్యాస్ ఎన్నేళ్లకి, ఏ లెవెల్‌కి?

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఉద్యోగం. ఇక్కడ నేను తీపి మాటలు చెప్పలేను. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు ఫోరెన్సిక్ సైన్స్ సర్వీస్ అని ప్రభుత్వ సంస్థ ఉండేది. నష్టాలొస్తున్నాయని 2010 డిసెంబరులో మూసేస్తామన్నారు, 2012 మార్చిలో మూసేశారు. అప్పట్నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ల్యాబ్ పని కొంత పోలీసుల సొంత విభాగాల్లో, మిగతాది కొద్ది ప్రైవేటు కంపెనీల చేతుల్లో ఉంది. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లో ఇంకా ప్రభుత్వమే నడుపుతోంది. డిగ్రీ చేతబట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువ, ఖాళీలు తక్కువ. నేర స్థలానికి వెళ్లేవాళ్లు మన క్లూస్ టీమ్ లాంటివాళ్లే, ఇక్కడ యూనిఫాం లేని పోలీసు సిబ్బంది. దానికి వెట్టింగ్, అంటే పూర్వాపరాల విచారణ, ఉంటుంది, సాధారణంగా కనీసం మూడేళ్లుగా ఈ దేశంలో ఉండి ఉండాలి. నాలుగేళ్లు చదివినవాళ్లకి అది గట్టెక్కవచ్చు. కానీ ఆ తర్వాత వీసా అడ్డొస్తుంది.

చదువయ్యాక వచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇన్నాళ్లూ రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి 18 నెలలే. మీ అమ్మాయి ఆ లెక్కలోకే వస్తుంది. ఆ పైన ఉండాలంటే కంపెనీ స్పాన్సర్ చేయాలి. 2025 జులై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలు జీతం గీత 41,700 పౌండ్లు, కొత్తగా చదువు ముగించినవాళ్లకి 33,400. ఫోరెన్సిక్ ల్యాబుల్లో మొదటి ఉద్యోగపు జీతం సాధారణంగా ఆ రెండో గీతకి కూడా కిందే. కాబట్టి "చదివి అక్కడే ఫోరెన్సిక్‌లో స్థిరపడుతుంది" అన్న ఆశ మీద అప్పు చేయకండి. స్థిరపడిన మనవాళ్లు లేరని కాదు. నాకు తెలిసినవాళ్లలో ఎక్కువమంది మందుల కంపెనీల్లో, ఆహారం, నీటి పరీక్షల ల్యాబుల్లో ఉన్నారు. వాళ్లకి పనికొచ్చింది డిగ్రీ పేరు కాదు, నమూనాలో ఏ పదార్థం ఎంతుందో తేల్చే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం మీద చేయి తిరగడం. అందులో ఒక రకమైన ఎల్‌సీ-ఎంఎస్ నడపడం వచ్చినవాడికి ఇంగ్లండ్‌లోనే కాదు, జీడిమెట్ల నుంచి జీనోమ్ వ్యాలీ దాకా ఎక్కడైనా కూడు దొరుకుతుంది.

అందుకే కోర్సు ఎంచుకునేటప్పుడు రెండు చూడండి. ఒకటి, చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫోరెన్సిక్ సైన్సెస్ గుర్తింపు ఉందా, అందులోనూ 'లాబొరేటరీ అనాలిసిస్' భాగానికి ఉందా. రెండు, మాడ్యూల్ పట్టికలో కెమిస్ట్రీ, అనలిటికల్ కెమిస్ట్రీ ఎన్ని ఉన్నాయి. "క్రిమినల్ మైండ్", "మీడియా అండ్ క్రైమ్" లాంటివి ఎక్కువ కనిపిస్తే పేజీ మూసేయండి. చదువు మధ్యలో ఏడాది పాటు ఒక సంస్థలో పనిచేసే ప్లేస్‌మెంట్ ఇయర్ ఉంటే మరీ మంచిది. ఫౌండేషన్ ఏడాదికి పెట్టాలనుకున్న డబ్బు దానికి పెట్టండి.

ఇంటి దగ్గర సంగతీ చూడాలి కదా. మన హైదరాబాద్ ఈ విద్యలో వెనకబడిన ఊరేం కాదు. 1984లో లెస్టర్‌లో ఆలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి కనిపెడితే, నాలుగేళ్లు తిరక్కుండా హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ సొంత పద్ధతి తయారుచేశాడు. రామంతాపూర్‌లో కేంద్ర ల్యాబ్ ఉంది, రెడ్ హిల్స్‌లో రాష్ట్ర ల్యాబ్ ఉంది. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 176వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం, ఏడేళ్లు అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లాలి. రాష్ట్రాలకి దీనికి ఐదేళ్ల గడువు ఇచ్చారు. అంటే మీ అమ్మాయి చదువు ముగిసే నాటికి మన దగ్గరే మనుషులు కావాలి. కాకపోతే రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్‌ఎస్‌ఎల్) నోటిఫికేషన్లలో విభాగాన్ని బట్టి కెమిస్ట్రీ, బయాలజీ లాంటి సబ్జెక్టుల్లో ఫలానా అర్హత ఉండాలని కచ్చితంగా రాస్తారు. విదేశీ డిగ్రీ మన డిగ్రీతో సమానమని చెప్పే ఈక్వలెన్స్ సర్టిఫికెట్ తీసుకోవాలి. మూడేళ్ల బీఎస్సీతో తిరిగొచ్చి దరఖాస్తు చేస్తే సైంటిఫిక్ ఆఫీసర్ పోస్టు దాకా వెళ్లడం కష్టం, పీజీ కావాలి.

నా కూతురైతే ఏం చేసేదాన్నో చెబుతాను. హైదరాబాద్‌లో మంచి కాలేజీలో కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీ చేయించి, ఆ మూడేళ్లలో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ, ఉస్మానియా ఎమ్మెస్సీ ప్రవేశాలకి సిద్ధం చేసేదాన్ని. అప్పటికీ ఇటు రావాలన్న మోజు పోకపోతే, స్కాట్లండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ యూనివర్సిటీ లాంటి చోట ఒక్క ఏడాది ఎమ్మెస్సీకి పంపేదాన్ని. ఫోరెన్సిక్‌లో ఎమ్మెస్సీ చెప్పడం అక్కడ 1960లలోనే మొదలైంది. నాలుగేళ్ల ఫీజు బదులు ఒక్క ఏడాది ఫీజు. పైగా ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లకి పిల్లకి తనకేం కావాలో తెలుస్తుంది. నీట్ రెండుసార్లు పోయిన బాధలో తీసుకున్న నిర్ణయం, ఆరు నెలలు ఆగినా నిలబడితే అప్పుడు దాన్ని నిర్ణయమనొచ్చు.

లేదు, ఇప్పుడే బీఎస్సీకి పంపాలి అని మీరు గట్టిగా అనుకుంటే, యూకాస్‌లో జనవరి గడువు దాటినా విదేశీ విద్యార్థులు జూన్ 30 దాకా దరఖాస్తు చేసుకోవచ్చు. నేరుగా మొదటి ఏడాదికే వేయండి. "తీసుకోలేం, ఫౌండేషన్‌లో చేరండి" అని యూనివర్సిటీయే రాస్తే, ఆ మెయిల్, మాడ్యూల్ పట్టిక నాకు చూపించండి. ఆ కెమిస్ట్రీ మీ అమ్మాయి ఇంటర్ పుస్తకాల్లో ఉందో లేదో పోల్చి చెబుతాను. ఈలోగా ఆమెని ఒక పనిచేయమనండి. పాత ప్రాక్టికల్ రికార్డు తీసి, అందులో నిజంగా తన చేత్తో తీసుకున్న రీడింగులు ఎన్నో లెక్కపెట్టమనండి.